గుడ్డుకు ఆరు వాటాలు

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఏం చెయ్యను? చావు కబురు చెవిన పడగానే నా కళ్ళ ముందుకు వచ్చింది ఆమె పడుకున్న మంచం కాదు. దారం ఒక కొస పంటి కింద బిగించి, రెండో కొస కుడిచేతి వేలికి చుట్టి, ఎడమచేతిలో ఉడికిన గుడ్డు పట్టుకుని, ఊపిరి కూడా తియ్యకుండా నిలబడ్డ మనిషి వచ్చింది. ఫోన్‌లో ఆమె కోడలు వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇక్కడ మా పుట్టింట్లో నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి ఆ పిల్లే అంది.

"అక్కా, నవ్వుతన్నావు గదా? నాకూ అట్టానే ఉంది. ఏడుస్తా ఏడుస్తా ఉంటే మద్దెలో అత్తమ్మ మాటేదో గుర్తొచ్చి నవ్వొస్తంది. పాపం తగులుద్దేమో."

ఏ పాపమూ తగలదు. ఆమె తగలనివ్వదు.

నేను మాచవరం పక్కన ఒక ఊరి కోడల్ని, ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచర్ని. ఆమెది మా వీధిలో చివరిల్లు. చుట్టరికం ఏమీ లేదు గానీ వరసకు అత్త. వాళ్ళింట్లో ఆరుగురు. మంచం మీద ఆమె అత్తగారు, తొంభైకి దగ్గరపడ్డ ముసలమ్మ. ఆమె భర్త, నాకు మామ. కొడుకు. కోడలు. నాలుగేళ్ళ మనవరాలు. ఆమె. ఉన్నది రెండెకరాల మిరప, దానికి తోడు కూలిపని. ఆ ఇంటి వంటగదికి ఆమే కలెక్టరు.

ఇంట్లో గ్యాస్ బండ ఉండేది, కానీ దానికి ఏడాదిలో ఎక్కువ రోజులు సెలవు. పత్తి కట్టె, మిరప కట్టె పొయ్యిలో పెట్టి వండేది. అన్నం ముప్పాతిక ఉడకగానే దించేసి, గోనెపట్టా చుట్టి, దాని మీద పాత బొంత కప్పేది. లోపల వేడికి మిగతాది ఉడికిపోయేది. ఇంకాసేపు పొయ్యి మీదే ఉంచొచ్చు కదత్తా అని నేను ఒకసారి అన్నాను.

"పిల్లకి పెళ్ళి జేసి పంపినాక ఎనకాలే పోయి కాపరం గూడా మనమే జేస్తామా ఏంది? అదే ఉడుక్కుంటది పో" అంది.

కొడుకు కుక్కర్ కొనిస్తానంటే వద్దంది. ఈలలేసేదాన్ని ఇంట్లో పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు అంది. భోజనం వేళకి చుట్టాలు దిగితే మా ఇంట్లో నేనూ మా ఆయనా కళ్ళతో సైగలు చేసుకుంటాం. ఆమెకి ఆ గొడవ లేదు. "ముందు మనిషిని కూకోబెట్టండ్రా, కూర సంగతి నీళ్ళు జూసుకుంటయ్" అనేది. పులుసులో చెంబుడు నీళ్ళు పోసి, రెండు ఎండుమిరపకాయలు ఎక్కువ వేసి, మరగబెట్టేది. ఎంత పల్చనైనా ఆ పులుసుకి వంక పెట్టిన మగాడు మా ఊళ్ళో లేడు. కారానికి కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ పోయించుకునేవాళ్ళు.

కానీ ఆమె అసలు విద్య గుడ్డు. కత్తితో కోస్తే పచ్చసొన పొడి రాలిపోతుందని, కుట్టుదారంతో కోసేది. నిలువునా మూడు కోతలు, ఆరు ముక్కలు. ఏ ముక్క తీసి తూచినా తేడా రాదు. "నా ఇంట్లో ఎవురి కంచంలో ఎక్కువుండదు, ఎవురి కంట్లో నీళ్ళుండవు" అని ఆమె సిద్ధాంతం. ఊళ్ళో పుట్టినరోజులకీ ప్రార్థన కూడికలకీ గుడ్లు కోయడానికి ఆమెకే కబురొచ్చేది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు అయిదు రొట్టెలు వేలమందికి సరిపోయిన సంగతి చెబుతుంటే, అందరూ కళ్ళు మూసుకుని ఉన్న టైములో ఈమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, మరి ఆ రొట్టెలు కోసిందెవరు?"

పాస్టరుగారు తడబడ్డారు. ఎవరు కోశారో తెలియదన్నారు. "చానా పనిమంతురాలయ్యుంటది" అని కూర్చుంది. ఆ రోజు ప్రార్థన మళ్ళీ దారిలో పడటానికి పావుగంట పట్టింది.

ఇంతలో కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఇక్కడే నాకూ ఆమెకీ యుద్ధం మొదలైంది.

ఆ పిల్లకి మొదటి కాన్పులో రక్తం బాగా పోయింది. మూడు రోజులు మగతలోనే ఉండి, చివరికి ఎలాగో బయటపడింది. ఈసారి నాలుగో నెలలో నర్సమ్మ వేలు గుచ్చి చూస్తే రక్తం ఎనిమిది. ఏడో నెల నిండేలోపు పది దాటి తీరాలి, లేకపోతే ఈ పిల్లకి మళ్ళీ అదే గండం అని నర్సమ్మ నా ముందే చెప్పింది. అత్త మొహం చూడలేకపోయాను.

మా కేంద్రం నుంచి గర్భిణులకి గుడ్లు, పాలు, పప్పు, రాగిపిండి ఇంటికే ఇస్తాం. గుడ్డు మీద రంగు ముద్ర కూడా ఉంటుంది. అన్నం ఎసట్లోనే గుడ్డు పడేసి ఉడికించడం అత్తకి అలవాటు, రెండో మంట దండగ కదా. మొదటిరోజే ముద్ర రంగు కరిగి అన్నం ఒక పక్క ఊదారంగుకి తిరిగింది. ఆమె బెదరలేదు. "సర్కారు అన్నం, తినండి" అని వడ్డించేసింది. నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళి, అలా చెయ్యొద్దని గిన్నె వేరు చేయించి వచ్చాను.

ఆ నెలలోనే కేంద్రంలో తల్లులకీ అత్తలకీ మీటింగు పెట్టాను. కొత్తగా ట్రైనింగ్ అయి వచ్చానేమో, ఉత్సాహం పొంగిపోతోంది. గోడకి బొమ్మల చార్టు తగిలించి, పుల్లతో చూపిస్తూ, గర్భిణి అంటే ఒక్క మనిషి కాదు, ఇద్దరు, ఇద్దరి తిండి తినాలి అని గొంతెత్తి చెప్పాను. మిగతా అత్తలు ఆవలిస్తున్నారు. ఈమె మాత్రం ముందు వరసలో కూర్చుని ప్రతి మాటకీ తలూపింది. చివర్లో లేచి, "అర్థమయిందమ్మాయ్, ఇద్దరు" అని రెండు వేళ్ళు చూపించింది. ఆ రాత్రి నా పాఠం గురించి మా ఆయన దగ్గర ఎంత గొప్పలు పోయానో.

కోడలు గుడ్లు తింటోందా అని అడిగితే, మరుసటి వారం అత్త కవరు నిండా పెంకులు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించింది. "ఇయిగో సాచ్చికాలు" అంది. పెంకుల మీద ముద్రలు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి? నేను రాసేసుకున్నాను. అయిదో నెలలో నర్సమ్మ మళ్ళీ చూసింది. ఎనిమిదే. ముల్లు కదల్లేదు.

మాత్రలు వేసుకుంటోంది, గుడ్లు తింటోంది, మరి ఎందుకు పెరగలేదు? మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. సరిగ్గా భోజనాల వేళ. అందరూ వరసగా కూర్చున్నారు. అత్త మధ్యలో నిలబడి ఉంది, దారంతో. మూడు కోతలు, ఆరు ముక్కలు. ముసలమ్మకొకటి, మామకొకటి, కొడుక్కొకటి, మనవరాలికొకటి. కోడలి కంచంలో మాత్రం రెండు పెట్టి, నా వంక చూసి కన్నుగీటింది.

"చూశావా? నీ మాట ఇన్నా. ఒకటి దానిది, ఒకటి లోపలోడిది."

నాకు నవ్వాలో జుట్టు పీక్కోవాలో తెలియలేదు.

"అత్తా! గుడ్డు మొత్తం ఆ పిల్లదే. ఒక్కతే తినాలి!"

"మొత్తమా?" ఆమె నిజంగానే భయపడింది. "ఇంతమంది జూస్తా ఉంటే అదొక్కతే తినటమా? అది తిండి గాదే, శిచ్చ. దాని గొంతు దిగుద్దా?"

కోడలు తల వంచుకుని, "దిగదక్కా" అంది.

అత్త తన కంచం తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. అన్నం, పులుసు. తినబోయే ముందు ఆ దారాన్ని ఒక కొస నుంచి రెండో కొస దాకా పెదాల మధ్య నుంచి లాగింది. దారానికి అంటిన పచ్చసొన నోట్లోకి పోయింది. అప్పుడు నేను లెక్కపెట్టాను. మనుషులు ఆరుగురు, ముక్కలు ఆరు, కోడలికి రెండు.

"నీ ముక్కేదత్తా?"

"లోపలోడు వచ్చాడుగా. గుడ్డు ఆరుకు తెగుద్ది గానీ ఏడుకు తెగదే." దారం చూపించింది. "దీనికి బోలెడంటింది లే."

నాకు అక్కడే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నేను గొంతెత్తి చెప్పిన పాఠం కోడలి రక్తం ఒక్క చుక్క పెంచలేదు, పైగా అత్త కంచంలో ఉన్న ఒక్క ముక్కనీ లాగేసింది. ట్రైనింగులో చూపించిన బొమ్మలో గర్భిణి ఒక్కతే కూర్చుని కంచం నిండా తింటూ ఉంటుంది. మా ఊళ్ళో ఏ గర్భిణి చుట్టూ చూసినా నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. వాళ్ళని ఆ బొమ్మలో గీయడం మర్చిపోయారు. ఇంటికొచ్చి ఈ మాట మా ఆయన మీద అరిచాను, ఆ బొమ్మ ఆయనే గీసినట్టు.

అరిచి అలిసిపోయాక ఒక సంగతి తట్టింది. అత్తకి ప్రాణమైన విషయం ఇంకొకటుంది, గట్టు తగాదా. ఆమె మరిది పొలం పక్కనే. ఏటా దున్నేటప్పుడు గట్టు ఒక జానెడు ఇటు జరిగేది. అప్పుడు అత్త ఆ గట్టు మీద చేతులు నడుమున పెట్టుకుని నిలబడి, "పట్టా ఎవురి పేరునుందో తియ్యి! పట్టా ఎవురి పేరునుంటే ఆళ్ళది భూమి!" అని అరిస్తే ట్రాక్టరు ఆగిపోయేది. గురజాల కోర్టు మెట్లు కూడా ఎక్కింది. పల్నాడులో పుట్టినవాళ్ళకి ఆకలి గురించి ఎంత చెప్పినా ఎక్కకపోవచ్చు గానీ, పట్టా గురించి చెప్పక్కర్లేదు.

తెల్లారి రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళి, వాళ్ళ అరుగు మీద పరిచాను. చుట్టుపక్కల ఆడవాళ్ళు మూగారు. అత్తకి చదువు రాదు. అందుకని కొడుకుని పిలిచి ఒక వరస చదవమన్నాను. చదివాడు, భార్య పేరు, దాని ఎదురుగా గుడ్లు.

"ఇందులో మామ పేరుందా?" అన్నాను.

"లేదు" అన్నాడు.

"నీ పేరుందా? మీ నాయనమ్మ పేరు?"

"లేవక్కా."

"అత్తా, గుడ్డు ఎవరి పేరున ఉంది?"

అత్త ఆ వరస మీద వేలు పెట్టి, అటు చివరి నుంచి ఇటు చివరి దాకా జరిపింది. మొహంలో రంగు మారిపోయింది. "అంటే... ఇది ఉమ్మడిది గాదా?"

"కాదు. ఆ పిల్లదీ, కడుపులో బిడ్డదీ. స్వార్జితం."

"ప్రభువా!" గుండెల మీద చెయ్యేసుకుని అరుగు మీద కూలబడింది. "ఇన్నాళ్ళ బట్టీ నేను ఒకళ్ళ ఆస్తి పంచి పెడతన్నానా! ఆ గట్టు జరిపే సచ్చినోడికీ నాకూ తేడా ఏందే!"

అక్కడికక్కడే పంచాయితీ పెట్టింది. ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీర్పు చెప్పింది. "ఇయ్యాల్టి కాణ్ణుంచి ఈ గుడ్డు మీద ఎవురికీ హక్కు లేదు. ఎవురన్నా దాని వంక జూశారా, కోర్టుకీడుస్తా."

మామ తల గోక్కుంటూ, "వాసనన్నా చూడొచ్చంటావా?" అన్నాడు.

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. "వాసన ఉమ్మడి" అంది.

వీధంతా విరగబడి నవ్వింది. నేను రిజిస్టరు మీద పడి నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు, తీర్పు కదా.

ఆ రోజు నుంచి కోడలి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చివరి ముద్ద గొంతు దిగేదాకా లేచేది కాదు. ఒకసారి ఆ పిల్ల సగం గుడ్డు కూతురి కోసం కొంగులో దాచబోతే చెయ్యి పట్టేసుకుంది. "దొంగ రిజిస్ట్రేషన్లు జేస్తన్నావే? దానికి సెంటర్లో దాని గుడ్డు అది తింటంది. ముయ్యి, తిను" అని గదమాయించింది. కోడలు నవ్వలేక, మింగలేక, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

కోడలికి వాంతులైన రోజు సరుకులకి అత్తే వచ్చింది. ఇప్పుడు మాకు ఫోన్‌లో మనిషి మొహం చూపించి, కళ్ళు ఆర్పితే గానీ ఇవ్వడానికి లేదు. చెబితే వినదు కదా, ఫోన్ ముందు నిలబడి టపటపా కళ్ళు ఆర్పింది. మొహం సరిపోలడం లేదని వచ్చింది. ఏమంటందే అది అని అడిగితే చెప్పాను.

"మీ మామ గూడా పెళ్ళయిన కాణ్ణుంచి అదే అంటన్నాడు లే" అని, కోడల్ని తీసుకురావడానికి వెళ్ళింది.

ఏడో నెల చివర్లో నర్సమ్మ కేంద్రానికి వచ్చింది. కోడలు వేలు చాచింది. అత్త కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నర్సమ్మ మిషను వంక చూసి, "పదిన్నర" అంది.

అత్త ఎగిరిందండీ. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, నిజంగా ఎగిరింది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, నర్సమ్మ బుగ్గ గిల్లింది, గుమ్మంలోకెళ్ళి "పదిన్నరంటయ్యో!" అని వీధికి చాటింది. ఆ ఊపులోనే తన వేలు కూడా చాచి, "నాదీ గుచ్చవే, ఎంత ఎగస్ట్రా ఉందో చూద్దాం" అంది.

నర్సమ్మ గుచ్చింది. మిషను చూసింది. ఇంకో వేలు గుచ్చింది. మళ్ళీ చూసింది.

"ఆరున్నర. అసలు నువ్వెట్టా నడుస్తన్నావు పెద్దమ్మా?"

"రెండు కాళ్ళ మీదే" అంది అత్త.

నర్సమ్మ మాత్రలిచ్చి, గుడ్లూ ఆకుకూరలూ బాగా తినమంది. అత్త నా వైపు తిరిగి, "నా పేరెక్కడన్నా ఉందేమో చూడవే ఆ పుస్తకంలో" అంది. నేను చూశాను. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, ఎదిగే ఆడపిల్లలు. కనడం అయిపోయిన ఆడదానికి వరసే లేదు. లేదత్తా అన్నాను.

"అయితే నేనూ కడుపుతో ఉన్నానని రాసెయ్! మీ మామ వచ్చి సంతకం పెడతాడు."

బయట నిలబడ్డ మామ చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోయాడు. కేంద్రంలో ఆడవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు. కడుపులో బిడ్డకి కూడా నా పుస్తకంలో చోటుంది. ఇంతమందికి వండి, కోసి, పంచిన ఈ మనిషికి లేదు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు.

మర్నాడు పొద్దున్నే కొట్లో గుడ్డు కొని, ఉడకబెట్టి, స్కెచ్ పెన్ను పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అందరూ పనులకి పోయారు. ముసలమ్మ నిద్రలో ఉంది. అత్త పొయ్యి అలుకుతోంది.

"అత్తా, నీ పేరేంటి?"

"ఇప్పుడెందుకే నా పేరు?" అంది. ఊళ్ళో అత్తా, పిన్నీ, ఇంట్లో ఏమే తప్ప ఇంకేమీ వినని మనిషి. చెప్పడానికి సిగ్గుపడింది. చివరికి, ఎవరిదో పేరు చెబుతున్నట్టు, మెల్లగా చెప్పింది. నేను గుడ్డు పెంకు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసి ఆమె చేతిలో పెట్టాను.

"ఏందిది?"

"పట్టా."

ఆమె గుడ్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. గుమ్మం వైపు చూసింది. పెదాలు కదిలాయి, మనుషుల్ని లెక్కపెట్టుకుంటోంది.

"లెక్క వద్దు" అన్నాను. "పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళది."

తన మాటే తనకి అడ్డం వచ్చింది. పెంకు వలిచింది. సగం కొరికి, మిగతా సగం అలవాటుగా నా వైపు చాచింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. అప్పుడు గబుక్కున అదీ నోట్లో వేసుకుంది. రెండు బుగ్గలూ ఉబ్బాయి. నమల్లేక, మాట్లాడలేక, చేత్తో సైగ చేస్తే నీళ్ళ చెంబు అందించాను. గుటకేసి, ఊపిరి తీసుకుని, కళ్ళింత చేసుకుని నా వంక చూసింది.

"ఓరి దేవుడో! అమ్మాయ్, ఒక్క గుడ్డు నోటినిండా పడుద్దే! ఇంతకాలం నాకెవురూ చెప్పలేదే!"